లాప్‌టాప్‌లో 'వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చేయండి' అని ఆగకుండా వస్తోంది. ఫార్మాట్ తప్పదా?

నాగావళి_గట్టు
మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. శ్రీకాకుళంలో అమ్మా ఆయనా ఇద్దరే ఉంటారు, నేను హైదరాబాద్‌లో. కొన్నాళ్లుగా ఆయన లాప్‌టాప్‌లో కుడివైపు కింద మూల ఎర్రటి డబ్బాలు వస్తున్నాయట. మీ మెకాఫీ (యాంటీవైరస్) గడువు అయిపోయింది, 5 వైరస్‌లు దొరికాయి, మీ బ్యాంకు వివరాలు పోతున్నాయి, ఇలా అన్నీ ఇంగ్లీషులో. ఒకటి మూసేలోపు ఇంకోటి. మేం మెకాఫీ ఎప్పుడూ కొననే లేదు. మొన్న ఒకదాని మీద నొక్కితే 80 శాతం తగ్గింపు, ఇంకా నాలుగు నిమిషాలే ఉంది అని గడియారం తిరుగుతూ ఒక పేజీ తెరుచుకుందట. కార్డు నంబర్ అడిగేసరికి భయపడి ప్లగ్ పీకేశారు. అది లాప్‌టాప్ కదా, ఆగలేదు. దాంతో టెన్షన్ రెట్టింపయింది.
ఊళ్లో ఒక షాపుకి పట్టుకెళ్తే "చాలా వైరస్‌లు ఎక్కేశాయి మాస్టారూ, ఫార్మాట్ కొట్టి (అంతా తుడిచేసి) యాంటీవైరస్ వెయ్యాలి, 1,800 అవుతుంది" అన్నారట. చెల్లి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

సిరిమాను_దారి
కట్టొద్దు. ఫార్మాటూ వద్దు. ఆ డబ్బాని ఫోన్‌తో ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి.

మూడులాంతర్ల_మూల
ఫొటో లేకపోయినా చెప్పొచ్చు. అది యాంటీవైరస్ కాదు, క్రోమ్ నోటిఫికేషన్. ఏదో సైట్‌కి వెళ్లినప్పుడు "నోటిఫికేషన్లు పంపొచ్చా?" అని అడిగి ఉంటుంది, ఆయన అలౌ నొక్కి ఉంటారు. అప్పట్నుంచి ఆ సైట్ వాడు తోచినప్పుడల్లా ఆయన స్క్రీన్ మీదకి ఏది కావాలంటే అది పంపుకోవచ్చు. మెకాఫీ బొమ్మ, ఎర్ర రంగు, ఆశ్చర్యార్థకాలు అన్నీ వాడు అతికించినవే. ఆ సైట్‌కి మీ కంప్యూటర్ లోపల ఏముందో చూసే వీలే లేదు, ఇంక వైరస్‌లు లెక్కపెట్టడమేంటి.
గుర్తుపట్టడం సులువు. ఆ డబ్బాలో పెద్ద అక్షరాలు చదవొద్దని చెప్పండి. అంచున సన్నగా "గూగుల్ క్రోమ్" అనీ, దగ్గర్లోనే ఒక సైట్ పేరూ ఉంటుంది. నిజమైన యాంటీవైరస్ చెప్పే మాటకి క్రోమ్ పేరుతో పనిలేదు.

నాగావళి_గట్టు
ఇప్పుడే ఫోన్ చేశాను. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. నిజంగానే గూగుల్ క్రోమ్ అని ఉంది. దాని కింద ఎస్, ఈ, సీ, తర్వాత ఏవో అంకెలు, చివర డాట్ టాప్. మెకాఫీ పేరు అడ్రసులో ఎక్కడా లేదు.
ఏ సైట్‌కి వెళ్లారంటే డీఏ బకాయిల జీవో కోసం వెతికారట. ఒక పేజీలో "మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి" అని వచ్చిందట. "నేను రోబోని కాదు కదరా, అందుకే నొక్కాను" అంటున్నారు.

పలాస_పప్పు
మాస్టారి మాటలో తప్పేటుందండి, సరిగ్గానే చెప్పారు 😄

సిరిమాను_దారి
డీఏ జీవో, పదో తరగతి ఫలితాలు, ఈఏపీసెట్ ర్యాంకు కార్డు, సచివాలయం పోస్టులు. మన వైపు జనం ఈ అలౌ నొక్కేది ఎక్కువగా వీటి దగ్గరే. ఫలితాల రోజు అసలు సైట్ తెరుచుకోదు, గూగుల్‌లో కింద ఉన్నదల్లా నొక్కేస్తారు.

మూడులాంతర్ల_మూల
తీసేసే దారి ఇది. మీరు ఫోన్‌లో చెప్తుంటే ఆయనే చేసుకోగలరు.
క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. కిందకి వస్తే అలౌ చేసిన సైట్ల జాబితా కనబడుతుంది. తెలియని పేరు ప్రతిదాని పక్కన మూడు చుక్కలు నొక్కి రిమూవ్. అదే పేజీలో పైన, సైట్లు అసలు అడగకుండా చేసే ఆప్షన్ ఉంటుంది, అదీ పెట్టేయండి. ఎడ్జ్ బ్రౌజర్‌లోనూ ఇంచుమించు ఇదే దారి.
తర్వాత స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో ఒక ఫుల్ స్కాన్ పెట్టి వదిలేయండి. ఏమీ దొరక్కపోవచ్చు. ఆయనకి నమ్మకం కలగడానికి.

రాజాం_రిపేరు
షాపు నడుపుకునేవాణ్ణి, నా మాట కూడా వినండి. ఫార్మాట్ అన్నవాడల్లా దొంగ అయిపోడు. నా దగ్గరికి వచ్చే మిషన్లలో నోటిఫికేషన్ ఒక్కటే ఉన్నవి కొన్ని, దాన్ని నొక్కీ నొక్కీ ఏదేదో ఇన్‌స్టాల్ చేసుకుని వచ్చేవి చాలా. పీసీ క్లీనర్, డ్రైవర్ అప్‌డేటర్, స్పీడ్ బూస్టర్, తెలియని బ్రౌజర్. పైగా సగం మిషన్లలో విండోస్ క్రాక్‌ది (దొంగ కాపీ). ఆ క్రాక్ పని చెయ్యడానికి విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ని ఎవరో ఆపేసి ఉంటారు. అలాంటిదాన్ని ఒక్కోటీ ఏరుకుంటూ కూర్చుంటే పూట గడిచిపోతుంది, ఫార్మాటే నయం. మాస్టారి మిషన్ చూడకుండా మీరంతా తీర్పు చెప్పేస్తున్నారు.

బొబ్బిలి_తంత్రి
ఆ క్రాక్ విండోస్ వేసింది ఎవరో కూడా చెప్పండి సార్. కస్టమర్ ఇంట్లో కూర్చుని వేసుకున్నాడా?

రాజాం_రిపేరు
ఒరిజినల్ కీ రేటు చెప్తే లేచి వెళ్లిపోతారు బాబూ. పక్క షాపువాడు మూడొందలకి వేసేస్తాడు.

బొబ్బిలి_తంత్రి
అంటే డిఫెండర్ ఆపేసేది మీవాళ్లే, తర్వాత యాంటీవైరస్ అమ్మేదీ మీవాళ్లే.

సిరిమాను_దారి
ఇద్దరూ ఆగండి. రాజాం గారు చెప్పిన ఒక్క ముక్క నిజం. డబ్బా నొక్కాక ఏమైనా డౌన్‌లోడ్ అయిందా అన్నది చూడాలి. నాగావళి గారూ, సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కి వెళ్లి తేదీ ప్రకారం పేర్చి చూడమనండి. ఆ డబ్బాలు మొదలైన రోజు నుంచి కొత్తగా ఏదైనా చేరిందా?

నాగావళి_గట్టు
చూశాం. కొత్తవేమీ లేవు. నోటిఫికేషన్ల జాబితాలో మాత్రం ఇరవై దాకా సైట్లున్నాయి! ఒక న్యూస్ సైట్ తప్ప అన్నీ తీసేశాం. డబ్బాలు ఆగిపోయాయి. ఫుల్ స్కాన్ నడుస్తోంది. అందరికీ చాలా థాంక్స్. నాన్నగారు పక్కింటి హెడ్మాస్టారి లాప్‌టాప్ కూడా చూడటానికి బయల్దేరారు.

పలాస_పప్పు
ఇదింకా చిన్నదేనండి. మా చిన్నాన్నకి జరిగింది వినండి. జీడిపప్పు వ్యాపారం, జీఎస్టీ పని మీద కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఏదో నొక్కేసరికి స్క్రీన్ నిండా నీలం పేజీ, మీద విండోస్ డిఫెండర్ అని రాసుంది. కుయ్యిమని సైరను. ఒక ఆడగొంతు ఇంగ్లీషులో "కంప్యూటర్ ఆపకండి, ఆపితే డేటా పోద్ది" అని చెప్పిందే చెప్తోంది. మౌసు కదల్దు, మూద్దామంటే గుర్తే కనబడదు. మధ్యలో పెద్ద అక్షరాల్లో ఫోన్ నంబరు.
చేశాడు. అవతలివాడు మొదట హిందీ, తర్వాత వచ్చీరాని తెలుగు. మైక్రోసాఫ్ట్ నుంచి అన్నాడు. దూరం నుంచే మన కంప్యూటర్‌ని నడిపించే ఎనీడెస్క్ యాప్ పెట్టించాడు. లోపలికొచ్చి ఏదో కిటికీ తెరిచి ఎర్ర గుర్తులు వరసగా చూపించాడు, "ఇవన్నీ హ్యాకర్లు సార్" అని. మూడేళ్ల సెక్యూరిటీకి పదిహేను వేలన్నాడు. చిన్నాన్న బేరమాడితే తొమ్మిదికి దిగాడు. బేరం తగ్గేసరికి మంచోడే అనుకున్నాడట ఈయన! కట్టడానికి నెట్ బ్యాంకింగ్ తెరవగానే స్క్రీన్ నల్లగా అయిపోయింది. ఆ చీకట్లోనే ఖాతాలోంచి ఇంకా పెద్ద మొత్తం వెళ్లిపోయింది.

వంశధార_రేవు
తొమ్మిదికి దిగాడా. మైక్రోసాఫ్ట్ వాడు బేరమాడాడంటేనే తెలియాలి కదా.

గజపతినగరం_గంట
నవ్వకండి బాబూ. ఆ సైరన్ వింటే ఎవరికైనా చేతులు వణుకుతాయి. మా ఆఫీసులో ఎంటెక్ చేసినావిడకే వణికాయి.

మూడులాంతర్ల_మూల
పలాస గారూ, ఆ "ఎర్ర గుర్తుల కిటికీ" ఈవెంట్ వ్యూయర్. విండోస్‌లో జరిగే ప్రతి చిన్న తడబాటూ అక్కడ రాసి ఉంటుంది. ప్రింటర్ దొరకలేదు, ఏదో సర్వీసు ఆలస్యంగా మొదలైంది, ఇలాంటివి. షోరూమ్‌లోంచి తెచ్చిన కొత్త మిషన్లోనూ కొన్నాళ్లకి ఎర్ర గుర్తులు ఉంటాయి. అనుమానం ఉన్నవాళ్లు మీదే తెరిచి చూసుకోండి, స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొడితే చాలు. అవి చూసి భయపడితే రోజూ భయపడాలి.
ఇంకో ఎత్తు ఉంది. నల్ల కిటికీ తెరిచి 'ట్రీ' అని కమాండ్ కొడతారు. ఫోల్డర్ల పేర్లు సర్రున పరిగెడతాయి, స్కానింగ్ జరుగుతోందంటారు. చివర్లో వాళ్లే కీబోర్డ్ మీద "వైరస్ దొరికింది" అని టైప్ చేస్తారు. మనం అదీ కంప్యూటరే చెప్పిందనుకుంటాం.
అసలు మాట మైక్రోసాఫ్టే తన సైట్లో రాసింది, వాళ్ల ఎర్రర్ మెసేజ్‌లలో, హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని. నంబర్ కనిపించిందంటే మిగతాది చదవక్కర్లేదు.

వంశధార_రేవు
పలాస గారూ, డబ్బు తిరిగి వచ్చిందా?

పలాస_పప్పు
కొంత ఆగింది. మా తమ్ముడు గుంటడు ఇంట్లోనే ఉన్నాడు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాడు. అక్కడ కంప్లైంట్ రాసుకుని బ్యాంకులకి పంపిస్తారట, అప్పటికి అవతలి ఖాతాలో మిగిలున్నది ఆపేశారు. ముందే వేరే ఖాతాలకి దాటిపోయింది పోయింది. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఎక్కించాం. చిన్నాన్న ముందు ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఊళ్లో పరువు పోతుందని. తమ్ముడు వినలేదు గనక సరిపోయింది.

గజపతినగరం_గంట
బ్యాంకు మొత్తం ఇవ్వాలి కదా? మూడు రోజుల్లో చెప్తే కస్టమర్‌కి నష్టం ఉండదని ఆర్‌బీఐ రూలు ఉందని విన్నాను.

మూడులాంతర్ల_మూల
అది సగమే విన్నారు. 2017 జులై నాటి సర్క్యులర్ అది. బ్యాంకు తప్పూ కస్టమర్ తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం జరిగి, మూడు పనిదినాల్లో చెప్తేనే సున్నా నష్టం. మనమే ఓటీపీ, పాస్‌వర్డ్ ఇచ్చుంటే, బ్యాంకుకి చెప్పేదాకా పోయింది మన నష్టమే. చెప్పిన తర్వాత పోతే బ్యాంకు భరించాలి. అందుకే 1930తో పాటు బ్యాంకుకీ అప్పటికప్పుడు చెప్పి కంప్లైంట్ నంబర్ తీసుకోవాలి.

రాజాం_రిపేరు
పలాస గారి చిన్నాన్న మిషన్ లాంటిది నా దగ్గరకొస్తే నేను ఫార్మాట్ కొట్టకుండా ఇవ్వను. మనిషి ఎనీడెస్క్‌లో లోపలికొచ్చాడంటే ఏం పెట్టి వెళ్లాడో ఎవరికి తెలుసు. ముందు వైఫై తీసేయాలి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్‌లోంచి మార్చాలి, ఫొటోలూ ఫైళ్లూ బయటికి తీసుకుని శుభ్రంగా కొత్తగా వెయ్యాలి. దీనికి కూడా నన్ను దొంగంటారా?

బొబ్బిలి_తంత్రి
దీనికి అనను. ఇది న్యాయమైన ఫార్మాట్.

తోటపల్లి_కాలవ
ఆ స్క్రీన్ నిండా వచ్చే పేజీ నిజానికి తాళం ఏమీ వెయ్యదు. బ్రౌజర్‌ని ఫుల్ స్క్రీన్ చేసి మౌసు బాణాన్ని దాచేస్తుంది, అంతే. ఎస్కేప్ మీట కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, బ్రౌజర్ మీద ఎండ్ టాస్క్. అదీ చేతకాకపోతే పవర్ బటన్ పది సెకన్లు పట్టుకోండి, నాగావళి మాస్టారిలా ప్లగ్ పీకక్కర్లేదు 😀 మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు "పాత పేజీలు తెరవాలా" అంటే వద్దనండి. లేకపోతే మళ్లీ సైరనే.

వంశధార_రేవు
ఇన్ని గొడవలెందుకు, మంచి పెయిడ్ యాంటీవైరస్ ఒకటి కొనేసుకుంటే పోలా?

సిరిమాను_దారి
కొంటే ఈ నోటిఫికేషన్లు ఆగుతాయని గ్యారంటీ లేదు. మీరు అలౌ నొక్కారు, బ్రౌజర్ దృష్టిలో అది మీ ఇష్టం. వీధిలో మైకువాడికి మన అరుగు మీద మనమే చోటిచ్చి, తలుపుకి ఇంకో తాళం కొన్నట్టు. కొన్ని పెయిడ్‌వి ఆ చెడ్డ సైట్లని తెరవనివ్వవు, అంతవరకు మేలు.
విండోస్ 8 నుంచి డిఫెండర్ దాంతోపాటే వస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో వాడకానికి నాకు అది సరిపోతోంది.

రాజాం_రిపేరు
మీకు సరిపోతుంది, మీరు చూసి నొక్కుతారు. ప్రతి పెన్‌డ్రైవూ పెట్టే నెట్ సెంటర్‌కి సరిపోదు. క్విక్ హీల్ పూణేది, కె7 చెన్నైది, మన దేశపు కంపెనీలే, రేటూ ఎక్కువ కాదు. బిల్లు ఇచ్చే చోట కొనమనండి. పాప్-అప్‌లో కొనడమే తప్పుగానీ యాంటీవైరస్ కొనడం తప్పెలాగవుతుంది?

మూడులాంతర్ల_మూల
ఇక్కడ రాజాం గారితో ఏకీభవిస్తాను. కొనాలనుకుంటే అడ్రసు మీరే టైప్ చేసి కంపెనీ సైట్‌కి వెళ్లండి, లేదా షాపులో పెట్టెతో కొనండి. భయపడిన నిమిషంలో మాత్రం కొనొద్దు.
ఒక చిక్కుంది. కొన్ని కొత్త లాప్‌టాప్‌లలో మెకాఫీ ట్రయల్ నిజంగానే ముందే వేసి ఇస్తారు. నెలో ఎంతో అయ్యాక అదీ రెన్యూ చెయ్యమని సతాయిస్తుంది. అది మోసం కాదు, విసుగు. తేడా ఎలా తెలుస్తుందంటే అది ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లో పేరుతో ఉంటుంది. అక్కర్లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తే డిఫెండర్ దానంతటదే పనిలోకి వస్తుంది.

తోటపల్లి_కాలవ
విసుగుకీ మోసానికీ మధ్య గీత పెద్ద కంపెనీలే చెరిపేశాయి లెండి. అమెరికాలో ఆఫీస్ డిపో అని పెద్ద షాపుల గొలుసు. కంప్యూటర్ తెస్తే ఉచిత చెకప్ అనేవారు. చెకప్‌కి ముందు నాలుగు ప్రశ్నలు: మిషన్ నెమ్మదిగా ఉందా, పాప్-అప్‌లు వస్తున్నాయా, ఇలా. ఏ ఒక్కదానికి అవునని టిక్కు పెట్టినా చాలు, స్కాన్‌లో ఏమున్నా లేకపోయినా మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) లక్షణాలు దొరికాయని చూపించేది ఆ ప్రోగ్రామ్. తర్వాత వందల డాలర్ల రిపేరు. 2019లో ఆఫీస్ డిపో రెండున్నర కోట్ల డాలర్లు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సపోర్ట్ డాట్ కామ్ కోటి డాలర్లు కట్టి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీపడ్డాయి.

బొబ్బిలి_తంత్రి
రాజాం గారూ, ఆ ఉచిత చెకప్ మీ షాపులో కూడా ఉందా?

రాజాం_రిపేరు
ఉంది. టీ కూడా ఉచితం. వచ్చి తాగి మాట్లాడు.

గంటస్తంభం_నీడ
పాతకాలం మనిషిని, ఒక మాట. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఈ దొంగ యాంటీవైరస్‌లు ఇంకా ఘోరం. యాంటీవైరస్ ఎక్స్‌పీ 2008 అని ఒకటుండేది. విజయనగరంలో నెట్ సెంటర్ నడిపేవాణ్ణి, ఫలితాల సీజన్‌లో పొద్దున్న తలుపు తీస్తే రెండు మూడు మిషన్లలో అది కూర్చుని ఉండేది. కొన్ని రకాలు టాస్క్ మేనేజర్‌ని తెరవనిచ్చేవి కావు, నోట్‌ప్యాడ్ తెరిచినా వైరస్ అనేవి. డబ్బు కడితే లెక్క సున్నా చూపించేవి. తుడిచేదేమీ లేదు, అంకె మార్చడమే. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటివాటితో పదిలక్షల మందికి పైగా మోసపోయారని అమెరికా ట్రేడ్ కమిషన్ 2008లో కేసు వేసింది. 2012లో 16 కోట్ల 30 లక్షల డాలర్ల తీర్పు వచ్చింది. అప్పట్లో మిషన్ లోపలికి దూరాలి. ఇప్పుడు దూరక్కర్లేదు, మనం అలౌ నొక్కితే చాలు.

డిగ్రీ_రెండోఏడు_టెక్కలి
నాకొక డౌటు. ఒక సైట్‌లో "నేను రోబో కాదు" నొక్కితే, విండోస్ మీటా ఆర్ కలిపి నొక్కు, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్ అని వరసగా చెప్పింది. చెయ్యలేదు. ఇదీ నోటిఫికేషన్ లాంటిదేనా?

మూడులాంతర్ల_మూల
చెయ్యకపోవడం చాలా మంచిదయింది తమ్ముడూ. అది నోటిఫికేషన్ కంటే వంద రెట్లు ప్రమాదం. నువ్వు రోబో కాదని నొక్కినప్పుడే ఆ పేజీ ఒక కమాండ్‌ని నీకు తెలియకుండా కాపీ చేసేస్తుంది. విండోస్, ఆర్ నొక్కితే రన్ డబ్బా వస్తుంది. కంట్రోల్ వీ అంటే ఆ కమాండ్ అందులో పడుతుంది. ఎంటర్ కొడితే నీ చేత్తో నువ్వే మాల్‌వేర్ దించుకున్నట్టు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు పట్టుకుపోయేవి ఇలా ఎక్కువగా వస్తున్నాయి. 2024 నుంచి బాగా పెరిగింది, క్లిక్‌ఫిక్స్ అంటారు. ఏ నిజమైన క్యాప్చా (రోబో కాదని తేల్చే పరీక్ష) కూడా రన్ డబ్బా తెరవమనదు.

డిగ్రీ_రెండోఏడు_టెక్కలి
ఓరి దేవుడా. మా హాస్టల్ గ్రూప్‌లో పెట్టేస్తున్నాను.

అరసవల్లి_ఎండ
ఫోన్‌ల సంగతి చెప్పండి. మా అత్తగారి ఫోన్‌లో "4 వైరస్‌ల వల్ల బ్యాటరీ పాడవుతోంది" అని వచ్చింది, సీరియల్ చూసే సైట్‌లో. ఆవిడ నాకు చెప్పకుండా మూడు క్లీనర్ యాప్‌లు వేసుకున్నారు. ఇప్పుడు ఫోన్ తెరిస్తే యాడ్‌లు, మూస్తే యాడ్‌లు. అవి తీసేస్తానంటే "వైరస్ వస్తే నువ్వు కొనిస్తావా" అంటున్నారు.

సిరిమాను_దారి
వెబ్ పేజీ ఫోన్‌ని స్కాన్ చెయ్యలేదు, అది యాడ్. ప్లే స్టోర్‌లో ఉన్నంత మాత్రాన అన్నీ మంచివి కావు. 2014లో వైరస్ షీల్డ్ అని డబ్బు పెట్టి కొనే యాప్ పదివేలకి పైగా డౌన్‌లోడ్ అయింది. అది చేసే పనల్లా, నొక్కితే డాలు బొమ్మలో ఇంటూ గుర్తు పోయి టిక్కు రావడం. గూగుల్ తీసేసి డబ్బు తిరిగిచ్చింది. ఆస్ట్రియాలో ఏవీ-కంపారెటివ్స్ అనే పరీక్షా సంస్థ 2019లో 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లని చూస్తే, హానికరమైనవాటిలో 30 శాతానికి మించి పట్టుకున్నవి 80 మాత్రమే.
అత్తగారికి ఇవన్నీ చెప్పకండి. ప్లే స్టోర్ తెరిచి, పైన ఫొటో గుర్తు నొక్కి, ప్లే ప్రొటెక్ట్‌లో స్కాన్ కొట్టి చూపించండి. హానికరమైనవేవీ లేవని వస్తే, "చూడండత్తయ్యా, గూగుల్ వాడే చెప్పాడు" అని మూడూ తీసేయండి.

అరసవల్లి_ఎండ
పనిచేసింది! రెండు తీయనిచ్చారు. మూడోది "చల్లబరుస్తుంది" అని ఉంచుకున్నారు.

పలాస_పప్పు
ఎండాకాలం కదండి, ఒగ్గేయండి.

గజపతినగరం_గంట
ఈమెయిల్‌లో వచ్చేదాని గురించి ఎవరూ చెప్పలేదు. "మీ నార్టన్ యాంటీవైరస్ రెన్యూ అయింది, 32 వేలు కట్ అయింది, వద్దనుకుంటే 24 గంటల్లో ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని బిల్లు వస్తుంది. మా ఆఫీసులో ముగ్గురికి వచ్చింది. మనం కొనకపోయినా డబ్బు పోయిందనే కంగారులో ఫోన్ చేస్తాం. రీఫండ్ ఇస్తామని ఎనీడెస్క్ పెట్టించి, బ్యాంకు పేజీలో అంకె మార్చి చూపిస్తారు. "అయ్యో, రెండు వేలకి బదులు రెండు లక్షలు వేసేశాం, నా ఉద్యోగం పోతుంది, మిగతాది పంపండి" అని ఏడుస్తారు. ఖాతాలోకి రూపాయి రాలేదు, పేజీలో రాత మారిందంతే. పేజీ రిఫ్రెష్ కొడితే పాత అంకే కనబడుతుంది. ఫోన్‌లో బ్యాలెన్స్ చూసుకున్నా చాలు.

తోటపల్లి_కాలవ
డౌన్‌లోడ్ చేసిన ఫైలు మీద అనుమానం ఉంటే తెరవకుండా వైరస్‌టోటల్ సైట్‌లో ఎక్కించండి, పదుల కొద్దీ యాంటీవైరస్‌లతో ఒకేసారి చూపిస్తుంది. ఆధార్, బ్యాంకు పేపర్లు మాత్రం అందులో పెట్టకండి, ఇతరులకి కూడా కనబడే వీలుంది. మన ప్రభుత్వానికి సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఉంది, 2017లో మొదలైంది. అందులో క్లీనింగ్ టూల్స్ ఉచితం.

వంశధార_రేవు
మా మేనమామ కంప్యూటర్‌లో "మీ విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది" అని వస్తోంది. ఇదీ దొంగదే కదా, మూసేయమన్నాను.

మూడులాంతర్ల_మూల
తొందరపడ్డారు, అది నిజమే కావచ్చు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఆ మాట విండోస్ అప్‌డేట్ సెట్టింగ్స్‌లో ఉంటే మైక్రోసాఫ్ట్‌దే. బ్రౌజర్‌లో ఉండి, ఫోన్ నంబరో కార్డు నంబర్ అడిగే పేజీయో ఉంటే దొంగది. ఇంట్లో వాడేవాళ్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే వీలు అదే సెట్టింగ్స్‌లో ఇచ్చారు. డిఫెండర్‌కి వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా ఇస్తామన్నారు, కానీ విండోస్‌లోని కంతలు పూడ్చకుండా అదొక్కటే చాలదు.

గంటస్తంభం_నీడ
నాకు తెలిసిన నెట్ సెంటర్లలో ఇంకా విండోస్ 7 నడుస్తోంది. దానికి 2020 జనవరిలోనే చెల్లు. అక్కడ కూర్చుని జనం అడంగల్ తీసుకుంటారు, బ్యాంకు కూడా తెరుస్తారు.

రాజాం_రిపేరు
ఎవరైనా తీసుకురండి, 11 పడితే 11 వేస్తాను, పడకపోతే లైనక్స్ వేస్తాను. కీ డబ్బులు మాత్రం అడుగుతాను, అప్పుడు లేచి వెళ్లకండి.

డిగ్రీ_రెండోఏడు_టెక్కలి
ఆ దొంగ నంబర్‌కి మనమే ఫోన్ చేసి వాడి టైమ్ వేస్ట్ చేస్తే ఎలా ఉంటుంది? యూట్యూబ్‌లో చేస్తుంటారు.

సిరిమాను_దారి
వాళ్లు వేరే మిషన్, వేరే నంబర్ పెట్టుకుని చేస్తారు. నువ్వు నీ నంబర్‌తో చేస్తే "ఫోన్ ఎత్తే గిరాకీ" అని జాబితాలో ఎక్కిస్తారు. రేపట్నుంచి లోన్ అనీ, కేవైసీ అనీ, పార్సిల్‌లో డ్రగ్స్ అనీ రోజంతా నీకే మోగుతుంది.

డిగ్రీ_రెండోఏడు_టెక్కలి
అయితే వద్దులే అన్నా. మా వార్డెన్ నంబర్‌తో చేస్తాను.

పలాస_పప్పు
ఓలమ్మో, ఈ గుంటడిని ఎవరైనా పట్టుకోండి.